చెరో రెండు

"నాలుగేనా?" అంది యమున, గంప కొంచెం పైకెత్తి చూసి.

"నాలుగే. చెరో రెండు" అన్నాడు తిరుమలరావు, ట్రాలీ ఆటో తాళం మేకుకి తగిలిస్తూ.

చెరో రెండంటే తనకి రెండు, దసరాకి వస్తున్న బావ రమేష్‌బాబుకి రెండు. ఇంట్లో ఇంకో ఇద్దరు ఆడమనుషులున్నారు, వాళ్ళకీ నోళ్ళున్నాయి అన్న సంగతి అతని లెక్కలోకి రానే లేదు. చెడ్డవాడా అంటే కాదు. తాగడు, పెళ్ళాం మీద చెయ్యెత్తడు, తెల్లారకుండా లేచి గజపతినగరం మార్కెట్టుకి వంకాయల బస్తాలు తోలే మనిషి. కోడిని తెచ్చినన్నాళ్ళూ ఈ చిక్కు బయటపడలేదు, అంతే. కోడి ఒక్కటే అయినా ముక్కలు కొడితే ఎంతమందికైనా సర్దుకుంటుంది. కాళ్ళూ రొమ్మూ మొదటి పంక్తికి పోతాయి. మెడ, వెన్ను, రెక్కల కొసలు గిన్నె అడుగున ఆడవాళ్ళ కోసం పడుంటాయి. చూసేవాళ్ళకి అందరూ తిన్నట్టే ఉంటుంది. కౌజు పిట్ట అలా కాదు. పిడికెడుంటుంది. మనిషికిన్ని అని లెక్కేసి తేవాల్సిందే. ఆ లెక్క వేసినప్పుడే తెలుస్తుంది, ఎవరెవరిని మనుషుల్లో కలిపేడో.

"అత్త కోసం తెమ్మన్నాను కదా మావా" అంది యమున గొంతు తగ్గించి. "విజీనారం డాక్టరమ్మ ఏటి సెప్పింది? రక్తం ఏడు గ్రాములే ఉన్నాది, మాంసం పెట్టండి, గుడ్లు పెట్టండి, లేకపోతే ఎక్కించాలి అన్నాది. పిట్ట మాంసం బలమని నువ్వే కదా అన్నావు."

"పెట్టొద్దన్నానేటి? అమ్మకీ ఓ ముక్క పెడదాం. అమ్మేటి తింటాది, పిల్లి తిన్నంత."

"పిట్టకి ముక్కలేటి? ఇంకో నాలుగు తెస్తే పోయేది కదా."

"పిట్టల ఫారమోడు పది పట్టుకెళ్ళమన్నాడు. నానే నాలుగు సాలన్నాను." అదేదో తెలివైన పని చేసినట్టే చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని నూతి దగ్గరికి పోయాడు.

అరుగు మీద చేటలో బియ్యం చెరుగుతున్న అత్త జగ్గమ్మ చెయ్యి ఆగింది. అరుగుకీ గుమ్మానికీ మధ్య నాలుగడుగులు లేవు. ఆమెకి వినపడలేదనుకోవడానికి లేదు. ఒక రాయి ఏరి వీధిలోకి విసిరి, చేట మళ్ళీ కదిపింది. యమునకి ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీదా, ఏమీ అనని అత్త మీదా, పన్నెండేళ్ళుగా ఏమీ అనని తన మీదా.

ఆషాఢంలో మావగారు జగన్నాధం పోయారు. ఏడాది తిరిగేదాకా ఇంట్లో పండగ లేదు. బడికి సెలవులిచ్చారని పిల్లలిద్దరినీ బొబ్బిలిలో అమ్మమ్మ దగ్గరికి పంపేసింది యమున. అల్లుడొక్కడే ఎచ్చెర్ల నుంచి వచ్చి అత్తని చూసి, ఓ పూట భోంచేసి పోతానన్నాడు. అతని తల్లికి జ్వరమని జగ్గమ్మ కూతురు దుర్గ అక్కడే ఉండిపోయింది. కొత్త బట్టల్లేవు, గుమ్మానికి తోరణం లేదు. ఉన్న పండగల్లా ఆ గంప కింద నాలుగు పిట్టలే.

*

మర్నాడు పొద్దున్న గంపెత్తితే ఒక గుడ్డుంది.

జగ్గమ్మ దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. బొటనవేలి కొసంత గుడ్డు. తెల్లటి పెంకు మీద సిరా విదిలించినట్టు నల్లటి మచ్చలు. యమున పక్కన గొంతుక్కూచుని చూసింది. ఆ ఇరుకులో, రాత్రంతా కుక్కలు మొరుగుతుంటే, మర్నాడు చావబోయే పిట్ట ఇంత శుభ్రంగా, ఇంత అందంగా ఒక గుడ్డు పెట్టింది.

"ఎవులు ఏసీరే ఈ సుక్కలు" అంది జగ్గమ్మ.

యమున దాన్ని ఉడకబెట్టి, ఒలిచి, ఉప్పద్ది అత్త చేతికిచ్చింది. జగ్గమ్మ తీసుకుంది. తీసుకుని తిన్నగా వెళ్ళి కొడుకు కేరేజీలో అన్నం మీద పెట్టి మూతేసింది. ఎవరూ చెప్పలేదు, అడగలేదు. చెయ్యి దాని దారిన అది వెళ్ళిపోయింది. ఈవిడకి ఎవరేం పెట్టగలరు అనుకుంది యమున.

ఆ సాయంత్రం తిరుమలరావు వేపుడు సంగతెత్తాడు. మిరియాలు దండిగా వేసి, నూనెలో ఎర్రగా వేపితే బావ చేతులు నాకుతాడన్నాడు.

"మూకుడు పెట్టకూడదురా" అంది జగ్గమ్మ. "మీ అయ్య పోయి నాలుగు నెల్లవలేదు. ఏడాది లోపల పండగ పూట నూనె పొయ్యెక్కకూడదు."

"మరేటి సేద్దాం? ఉడకబెట్టుకుని తినాలేటి?"

"కాలుద్దాం. నాను కాలుస్తాను."

మొగుడు పోయాక ఆమె ఇది చేస్తాను అని దేనికీ ముందుకి రాలేదు. పెడితే తినేది, లేకపోతే గోడకి చేరబడి కూచునేది.

కూచున్న మనిషి లేచింది. లేచి యమునని సంతకి పంపింది, కొండ మీంచి దిగే ఆడవాళ్ళ దగ్గర విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్ట తెమ్మని. మెత్తనివి కాదు, ముదురువి తెమ్మంది. యమున వచ్చేసరికి కాలవ గట్టు నుంచి తట్టెడు బంకమన్ను తెచ్చి పెరట్లో పోసి, తట్ట పక్కనే కూలబడి ఎగరోజుతోంది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ మట్టి మోసుకొస్తూ ఎన్నిచోట్ల ఆగిందో.

"నాను తెచ్చీదాన్ని కదా అత్తా."

"నీకు ఏ మన్నో తెల్దు."

ఊపిరి కుదిరాక మట్టిలో రాళ్ళేరింది, నీళ్ళు చిలకరించింది, గుప్పెడు ఊక కలిపింది. ఊక లేకపోతే కాకకి పగిలిపోతుందట. పిసికి, పిసికి, చిన్న తాడులా చేసి వేలికి చుట్టి చూసింది. చీలిక పడింది. ఇంకాసిని నీళ్ళు. మళ్ళీ పిసికింది, మళ్ళీ చుట్టింది. మూడోసారి తాడు వేలికి ఉంగరంలా నిలిచింది.

"ఎక్కడ నేర్సుకున్నావు ఇదంతా?"

"మా అయ్య గంటెలు పండీ సేలో పూరేడు పిట్టలు పట్టి కాల్సీవోడు. సూసేను."

"బాగుండీదా?"

జగ్గమ్మ మట్టి మీద తడిగోనె కప్పింది. "వాసన బాగుండీది" అంది. "మగపిల్లలకే సాలీవి కావు."

*

దసరా నాడు పొద్దున్నే తిరుమలరావు నాలుగింటినీ కోశాడు. కోసి, దుకాణంలో చేసినట్టు ఈకలతో సహా తోలు ఊడబెరకబోయాడు. ఒక దాని మెడ దగ్గర చిరిగింది కూడా.

"ఒగ్గీరా" అంది జగ్గమ్మ. "తోలు పోతే ఏటి కాలుస్తావు, ఎముకలా?"

వాటిని తన ముందు గోనె మీద వేయించుకుంది. వేణ్ణీళ్ళలో ముంచి, ఒకటి రెండు మూడు లెక్కపెట్టినంతలో తీసేసింది. ఒక చేత్తో తోలు నొక్కిపట్టి, రెండో చేత్తో ఈకలు పుట్టినవైపుకే లాగింది. చిన్న చిన్న గుప్పెళ్ళు. యమున రెండోది తీసుకుని అలాగే లాగబోతే చర్రుమని చిరిగింది. జగ్గమ్మ ఆమె వేళ్ళు పట్టుకుని ఎక్కడ నొక్కాలో నొక్కి చూపించింది. ఆ వేళ్ళు చల్లగా, గరుగ్గా, బలంగా ఉన్నాయి. ఏడు గ్రాముల రక్తమున్న మనిషి వేళ్ళలా లేవు.

ఒకదాని కడుపు చీరితే లోపల గుడ్ల సొనలు కనపడ్డాయి. ఇవాళ్టిది పెంకు కట్టి ఉంది. దాని వెనక రేపటిది గోళీకాయంత, ఎల్లుండిది శనగగింజంత, ఆ తర్వాతది ఆవగింజంత, ఇంకా వెనక కంటికి ఆనీ ఆననంత. ఒకదాని వెనక ఒకటి పచ్చగా మెరుస్తూ వరసలో ఉన్నాయి. యమునకి చేతిలో చాకు ఆగిపోయింది. ఇద్దరు పిల్లల్ని కన్నది, కోళ్ళు బాగు చేసింది, ఇలాంటివి చూడకపోలేదు. కానీ ఇంత చిన్న ఒంట్లో ఇన్ని రోజులు ముందే సిద్ధంగా ఉండడం ఆమెకి గుండెల్లో ఎక్కడో తగిలింది.

"పాపం అనిపిస్తన్నాది అత్తా."

"అనిపించాల" అంది జగ్గమ్మ. "అనిపించకపోతే మనిషేటి? అనిపించీ, ఒక్క మెతుకు పారెయ్యకుండా తినాల."

అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, లేత చింతకాయలు, ఉప్పు, పసుపు రోట్లో వేసి తొక్కింది యమున. నువ్వులు వేయించి విడిగా రుబ్బమంది జగ్గమ్మ. మూకుడు పెట్టలేదు కాబట్టి నూనె వంతు నువ్వులదేనట. పుల్లటి కారం కడుపులోకి కూరి, నువ్వుల ముద్ద తోలంతా పామింది. ఒక్కో పిట్టకీ కాళ్ళు రొమ్ముకి నొక్కి, నిద్రపోతున్న పిల్లని పొత్తిళ్ళలో చుట్టినట్టు అడ్డాకులో చుట్టి, అరటినారతో కట్టింది. మెడలూ, కార్జాలూ, కందనకాయలూ కలిపి ఒక చిన్న పొట్లం చేసింది. చుట్టూ మట్టి మెత్తడం ఇద్దరూ చేశారు.

లావుపాటి పిట్ట యమున చేతిలో పడింది. మట్టి మెత్తడమయ్యాక, అత్త చూడట్లేదనుకుని, ఆ ఉండ మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. గుంట పడింది.

జగ్గమ్మ చూసింది. "అదేటి?"

దాచడానికి లేదు. "గుర్తు అత్తా. దీన్ని బూడిదలో ఉంచేస్తాను. మూడే బాగా కాలినాయి, ఒకటి మాడిపోయిందని సెప్తాను. ఆల్లు తినీసి పడుకున్నాక తీసి నీకు పెడతాను. పెరట్లో తినీ."

జగ్గమ్మ ఆ ఉండని తన చేతుల్లోకి తీసుకుంది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత వేలు నీళ్ళలో ముంచి, ఆ గుంట మీద రాసి, రాసి, నున్నగా చేసేసింది. నాలుగు ఉండల్లోనూ ఏది ఏదో ఇంక తెలీదు.

"పెరట్లో నక్కి తినాలేటే నాను" అంది. కోపంగా కాదు. అప్పుడే తనకీ తెలిసినట్టుగా అంది. "నా ఇంట్లో, నాను కాల్సినదీ."

యమునకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్త తినదని అనుకుంది. ఉన్న ఒక్క దారీ ఆవిడే చెరిపేసింది. వచ్చే వారం మళ్ళీ విజయనగరం వెళ్ళాలి, మళ్ళీ ఆ డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూస్తూ మాంసం పెట్టలేదా అంటుంది. ఏం చెప్పాలి? నాలుగే తెచ్చారండీ అనా?

పెరట్లో గొయ్యి తవ్వి, పిడకలూ కొబ్బరి చిప్పలూ కాల్చి నిప్పులు చేశారు. జగ్గమ్మ సగం నిప్పులు పారతో పక్కకి తీసి, ఉండలు పేర్చి, తీసిన నిప్పులు పైన కప్పింది. కప్పి, గొయ్యి పక్కనే చతికిలబడింది. లోపలికి వచ్చి కూచోమంటే రాలేదు. గంటన్నర సేపు ఆ నిప్పుల కేసే చూస్తూ, ఒక్కోచోట తెల్లబడితే కర్రతో కెలుకుతూ, మధ్యమధ్య ముక్కు ముందుకి చాచి వాసన పట్టింది. ఒకసారి యమున మంచినీళ్ళు తెచ్చిస్తే తాగి చెంబు పక్కన పెట్టింది కానీ తల తిప్పలేదు.

*

రమేష్‌బాబు బండి మీద వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. నెమ్మదైన మనిషి. అత్తగారికి బత్తాయిలు తెచ్చాడు. కాళ్ళు కడుక్కుని, మావగారి ఫొటోకి దణ్ణం పెట్టి వచ్చి కూచున్నాడు.

యమున వసారాలో రెండు అడ్డాకు విస్తళ్ళు వేసి నీళ్ళు పెట్టింది.

జగ్గమ్మ పెరటి గుమ్మంలోంచి చేటతో వచ్చింది. చేటలో అయిదు మట్టి ఉండలు, ఎర్రగా, బూడిద పూసుకుని. విస్తళ్ళ కేసి చూసింది.

"ఇంకో రెండెయ్యి" అంది.

యమునకి అర్థం కాలేదు. "ఎవులొస్తన్నారత్తా?"

"ఎవులూ రావట్లేదు. ఎయ్యి."

వేసింది. మగవాళ్ళకి ఎదురుగా, మూడడుగుల దూరంలో. తిరుమలరావు భార్య కేసి ఇదేటి అన్నట్టు చూశాడు. ఆమెకి మాత్రం ఏం తెలుసు?

జగ్గమ్మ కింద కూచుని, మొదటి ఉండని చేట అంచున నిలబెట్టి, చిన్న రాయితో నెత్తి మీద ఒక్కటి కొట్టింది. నిలువునా చీలింది. రెండు పెచ్చులూ చెరోపక్కకీ జరిగాయి. లోపల ఆకు నల్లబడి, రసం ఊరి, ఈనెలతో సహా మెరుస్తోంది. నార తెంపి ఆకు విప్పింది.

ఆవిరి లేచింది. దానితో పాటు వాసన లేచింది. నువ్వులూ, వెల్లుల్లీ, చింతకాయ పులుపూ, వాటన్నిటి కిందా కాలిన ఆకూ మట్టీ. పిట్ట చెక్కుచెదరకుండా ఉంది. తోలు ఎక్కడా చిట్లలేదు. తేనె రంగు తిరిగి, పైన నువ్వుల ముద్ద పొరలా గట్టిపడి, కాళ్ళు రొమ్ము మీద మడుచుకుని, ఎవరూ దాని జోలికి వెళ్ళనట్టే పడుకుని ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెయ్యని పని, చిన్నప్పుడు దూరం నుంచి చూసిన పని, ఈ చేతులు ఇలా చేశాయా అని యమున అత్తనే చూస్తూ ఉండిపోయింది.

"అత్తా, ఇదేటి మాయ" అన్నాడు రమేష్‌బాబు చిన్నగా.

జగ్గమ్మ ఆ పిట్టని అల్లుడి విస్తట్లో వేసింది. రెండోది పగలగొట్టి, అదీ అల్లుడికే వేసింది. తిరుమలరావు విస్తరి కొంచెం ముందుకి జరుపుకున్నాడు. మూడోది పగలగొట్టింది. లేచి, రెండడుగులు వేసి, ఎదుటి వరసలోని విస్తట్లో వేసి, "కూకో" అంది యమునతో.

నాలుగోది పగలగొట్టి నాలుగో విస్తట్లో వేసింది. చిన్న పొట్లం విప్పి, మెడలూ కార్జాలూ కొడుకు విస్తట్లో దులిపింది. తర్వాత చేట గోడకి చేరేసి, చేతులు కడుక్కొచ్చి, నాలుగో విస్తరి ముందు బాసింపట్టు వేసుకు కూచుంది.

"అమ్మా" అన్నాడు తిరుమలరావు. "మరి నాకో?"

"నువ్వు నాలుగే తెచ్చేవు కదరా."

"చెరో రెండూ అని..."

"అల్లుడికి రెండన్నావు. రెండూ ఏసేను" అంది జగ్గమ్మ. "మిగిలిన రెండూ నాకూ కోడలికీ. నీకు మెడలున్నాయి. కందనకాయలున్నాయి. తిను."

గొంతులో ఎత్తిపొడుపు లేదు. రోజూ వడ్డించేటప్పుడు పులుసు కావాలా, చారు కావాలా అన్నట్టే ఉంది. రమేష్‌బాబు మొహం ఎర్రబడింది. తన రెండో పిట్టని ఎత్తి బావ విస్తట్లో పెట్టబోయాడు.

"అల్లుడికేసినది తీస్తే నాకు బాగుండదు బాబూ. తినండి" అంది జగ్గమ్మ. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తిరుమలరావు ఒక మెడ ముక్క తీసుకుని కొరికాడు. చుట్టూ తిప్పి మళ్ళీ కొరికాడు. తినేదేముందో అతనికి తెలియలేదు. పక్కన పెట్టి, తల దించుకుని ఇంకోటి తీసుకున్నాడు.

యమున కూచుంది కానీ తన విస్తరి ముట్టలేదు. ఆమె చూపు అత్త మీదే ఉంది. పన్నెండేళ్ళలో అత్త అన్నం తినడం ఆమె సరిగా చూడలేదు. వంటింట్లో గోడ వైపు తిరిగి, గిన్నెలోనే కలుపుకుని, ఎవరైనా పిలిస్తే సగంలో లేచిపోయేలా గొంతుక్కూచుని, నాలుగు ముద్దల్లో అయిపోయే తిండి అది. వీపే తప్ప మొహం కనపడేది కాదు. ఇవాళ పగటి వెలుతురులో, నలుగురి ఎదుటా ఆ మొహం కనపడుతోంది.

జగ్గమ్మ ముందు తోలు ఒక్క పొర తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నమలడం ఆపి ఊరుకుంది. మళ్ళీ నమిలింది. తర్వాత ఒక కాలు విరిచి, ఎముక వెంబడి మెల్లగా, ఏమీ వదలకుండా తింది. ఎముక కొస కొరికి రసం పీల్చింది. రెండో కాలు. రొమ్ము. కడుపులోని చింతకాయ కారం అన్నంలో కలుపుకుంది. తొందర లేదు. ఎవరు చూస్తున్నారన్న బెదురు లేదు. చెంపలు కదులుతున్నాయి, నుదుటి మీద చిన్నగా చెమట పట్టింది, పాలిపోయిన పెదాలు కారానికి ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఇంత ఆకలి ఎక్కడుందో, ఎలా నోరు మూసుకుందో యమునకి అంతుపట్టలేదు. భయం లాంటిదీ, భక్తి లాంటిదీ ఒకటి ఒంట్లో పాకింది.

"అన్నం" అంది జగ్గమ్మ, విస్తట్లోంచి తల ఎత్తకుండా.

యమున అలవాటుగా లేవబోయింది. జగ్గమ్మ ఎడమచెయ్యి ఆమె మోకాలి మీద పడింది. పడి, అక్కడే బరువుగా ఆగింది.

రమేష్‌బాబు నీళ్ళ గ్లాసు కేసి చూస్తున్నాడు. తిరుమలరావు తల్లి కేసీ, పెళ్ళాం కేసీ, ఆ మోకాలి మీది చేతి కేసీ చూశాడు. చేతిలోని మెడ ముక్క విస్తట్లో పెట్టి లేచాడు. ఎంగిలిచెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాడు. లోపల గిన్నెలు తగులుకున్న చప్పుడు. మూత ఒకటి కింద పడి దొర్లింది.

"గరిటె ఏదే?" అని కేకేశాడు.

"ఉట్టి పక్కన, మేకుకి" అంది యమున.

అతను అన్నం గిన్నె రెండు చేతుల్తో పట్టుకొచ్చాడు. తల్లి ముందు వంగి వడ్డించాడు. చేత కాక, ఒక్కసారే పెద్ద గడ్డలా పడింది. జగ్గమ్మ దాన్ని వేళ్ళతో విడగొట్టుకుంది.

"సారు కూడా ఎయ్యిరా" అంది.

వెళ్ళి చారు తెచ్చి పోశాడు. పోసి, గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. తల్లి తినడం అతను కూడా చూస్తున్నాడు. నలభై ఏళ్ళొచ్చిన మనిషి, మొదటిసారి చూస్తున్నాడు. మొహంలో ఉక్రోషం ఇంకా పోలేదు, కానీ దాన్ని ఏం చేసుకోవాలో తెలియని వాడిలా ఉన్నాడు.

"అమ్మా" అన్నాడు కాసేపటికి. "ఫారం సాయంత్రం దాకా తీసే ఉంటాది."

జగ్గమ్మకి నోటి నిండా అన్నముంది.

అతను యమున వైపు తిరిగి, ముట్టని విస్తరి చూశాడు. గరిటెతో అన్నం తీసి ఆమెకీ వడ్డించాడు, ఈసారి కొంచెం కొంచెంగా.

"నువ్వు తిను" అన్నాడు. "సల్లారిపోతాది."

యమున పిట్ట కాలు విరిచి నోట్లో పెట్టుకుంది.